నేచురల్ బాడీబిల్డింగ్ పోటీ పెట్టాం: సీసాల నుంచి చెక్కుల దాకా

మొదటి మీటింగులో మాటలన్నీ స్టేజీ, గెస్ట్ పోజర్ (పోటీలో లేకుండా పోజులివ్వడానికి పిలిపించే పేరున్న బాడీబిల్డర్), ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత పెద్దగా ఉండాలి అన్న వాటి చుట్టే తిరిగాయి. పోస్టర్ మీద ‘నేచురల్’ అని, అంటే కండల కోసం మందులు వాడనివాళ్ల పోటీ అని రాస్తున్నాం కదా, అది ఎలా తేలుస్తాం అన్న ప్రశ్న చివర్లో, టీలు అయిపోయాక వచ్చింది. నిజానికి మొదట రావాల్సింది అదే. పరీక్షల ఖర్చు కాగితం మీద పెట్టాక స్టేజీ సైజు, బహుమతి డబ్బు, ఎన్ని క్లాసులు (పోటీ విభాగాలు) అన్నీ వాటంతటవే తగ్గాయి. మేము మొదటి బహుమతిని సగానికి కోసి, ఆ డబ్బు ల్యాబ్‌కి మళ్లించాం. గెస్ట్ పోజర్‌ని పూర్తిగా వదిలేశాం.

టెస్టు అనగానే ఊళ్లోని డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు ‘డ్రగ్ టెస్ట్ మా దగ్గర ఉంది, డిస్కౌంట్ ఇస్తాం’ అంటారు. అది తీసుకుంటే నిండా మునిగినట్టే. వాళ్లిచ్చేది గంజాయి, నల్లమందు, నిద్రమాత్రల లాంటివి పట్టే స్ట్రిప్పు కార్డు. కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్ దాని మీద కనపడదు. రక్తంలో టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లని చూపించే మామూలు టెస్టు అనుమానానికి పనికొస్తుంది గానీ, దాన్ని పట్టుకుని ఒకరిని డిస్‌క్వాలిఫై చెయ్యలేం. స్టెరాయిడ్లకి మూత్రాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే యంత్రం) మీద పెట్టే ల్యాబే కావాలి. అందుకే కొటేషన్ అడిగేటప్పుడు ‘డ్రగ్ టెస్ట్ ఎంత’ అనకుండా, స్టానజొలాల్, నాండ్రొలోన్, బోల్డెనోన్, క్లెన్‌బ్యుటెరాల్, ఫ్యూరోసెమైడ్, లెట్రోజోల్, టామాక్సిఫెన్, మెఫెంటర్‌మైన్ అని మందుల పేర్లు రాసి, ఇవన్నీ మీరు పరీక్షించే ప్యానెల్లో ఉన్నాయా అని అడగాలి. మెఫెంటర్‌మైన్ ఎందుకంటే, ఆపరేషన్ థియేటర్లో పడిపోయిన బీపీ పెంచడానికి వాడే ఆ ఇంజెక్షన్ మన జిమ్ముల్లో వర్కౌట్‌కి ముందు గుచ్చుకునే మందైపోయింది. హైదరాబాద్‌లో అధికారులు పట్టుకున్న సరుకులో అది తరచూ ఉంటోంది.

టెస్టోస్టిరాన్ లెక్క వేరు, అది అందరి ఒంట్లోనూ ఉంటుంది. ల్యాబ్ చూసేది టెస్టోస్టిరాన్‌కి, ఒంట్లోనే పుట్టే దాని జోడు పదార్థం ఎపిటెస్టోస్టిరాన్‌కి మధ్య నిష్పత్తి. చాలామందిలో అది ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. 4 దాటితే అనుమానం. అప్పుడు కార్బన్ ఐసోటోప్ పరీక్ష చేసి బయటి నుంచి వచ్చిందా, ఒంట్లో తయారైందా తేలుస్తారు. ఆ రెండో పరీక్ష ఖరీదు వేరేగా వేస్తారు. కొటేషన్లో అది ఉందో లేదో ముందే చూసుకోకపోతే చివర్లో మెడకు చుట్టుకుంటుంది.

నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లని పిలిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. నాడాని 2005లో పెట్టారు, 2022 చట్టంతో దానికి చట్టబద్ధత కూడా వచ్చింది. కానీ వాళ్ల పని గుర్తింపు ఉన్న క్రీడా సంఘాలతో ముడిపడి ఉంటుంది. మనలాంటి ప్రైవేటు నిర్వాహకులు ఫోన్ చెయ్యగానే వచ్చే సర్వీసు కాదు. మేము శాంపిల్స్ తీసే పని ఒక ప్రైవేటు ఏజెన్సీకి ఇచ్చి, నిషేధిత మందుల జాబితా మాత్రం వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లదే పెట్టుకున్నాం. ఆ జాబితా ప్రతి జనవరి 1న మారుతుంది. అందుకే ఫారంలో ఏ ఏడాది జాబితా అన్నది రాయాలి.

ఇక ఫారం. ఎక్కువ రోజులు పట్టిన కాగితం ఇదే. మూత్రపరీక్షలో తెలిసేది కొన్ని రోజులు, కొన్ని వారాలు, మందును బట్టి మహా అయితే కొన్ని నెలల సంగతి. మూడేళ్ల కిందట రెండు సైకిళ్లు (వరసగా కొన్ని వారాలు మందు వాడటం ఒక సైకిల్) కొట్టి ఆపేసినవాడు ఇవాళ శుభ్రంగా నెగెటివ్ వస్తాడు. విదేశాల్లో నేచురల్ సంస్థలు కొన్ని ఏడేళ్లు, కొన్ని పదేళ్లు మందు ముట్టి ఉండకూడదంటాయి. ఆ పాత సంగతి రాబట్టడానికే పాలీగ్రాఫ్, అంటే లై డిటెక్టర్ పరీక్ష పెడతాయి. మేమూ ఏడేళ్లు పెట్టాం, పాలీగ్రాఫూ పెట్టాం.

దాని మీద నా అభిప్రాయం దాచుకోను. పాలీగ్రాఫ్ నిజం చెప్పే యంత్రం కాదు, భయం పెట్టే యంత్రం. అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 2003లోనే ఇలా జల్లెడ పట్టడానికి అది నమ్మదగింది కాదని తేల్చింది. అయినా పెట్టాం. ఎందుకంటే ఫారంలో ఆ మాట చూసే కొందరు వెనక్కి తగ్గుతారు, మాకు కావలసింది అదే. పాలీగ్రాఫ్ తప్పినవాళ్లని నేరుగా తీసెయ్యకుండా, మూత్రపరీక్ష తప్పనిసరి అయ్యే పట్టీలో చేర్చాం. చట్టం మాట కూడా ఉంది. సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇష్టం లేకుండా పాలీగ్రాఫ్ చెయ్యకూడదంది. అది నేర విచారణ గురించిన తీర్పే అయినా, మేము సమ్మతి పత్రం తెలుగులో, విడి కాగితం మీద తీసుకున్నాం. ఎంట్రీ ఫారం కింద చిన్న అక్షరాల్లో ఇరికించలేదు.

ఒక్కొక్కరికి గంట నుంచి గంటన్నర పడుతుంది. ప్రశ్నలన్నీ ముందే చదివి వినిపిస్తారు, తర్వాత ఛాతీకీ పొట్టకీ ట్యూబులు, వేళ్లకి క్లిప్పులు, చేతికి బీపీ పట్టా కట్టి అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతారు. రోజుకి ఆరుగురు దాటితే పరీక్ష చేసే ఆయన కూడా అలిసిపోతాడు. పోటీకి పది రోజుల ముందే ముగించాలి. చివరి వారంలో నీళ్లు తగ్గించి, కాఫీ మీద బతికేవాడి గుండె ఏ ప్రశ్నకైనా కొట్టుకుంటుంది.

ఫారంలో మందుల కాలమ్ దగ్గరే అమాయకులు ఇరుక్కుంటారు. బీపీకి వేసుకునే టెల్మీసార్టన్ ఒక్కటే అయితే ఫర్వాలేదు. స్ట్రిప్పు మీద పక్కన ‘హెచ్’ ఉందంటే దాంట్లో హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నట్టు, అది నిషేధిత డైయూరెటిక్ (మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో నీరు దించే మందు). ఉబ్బసానికి సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటనంతవరకు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా వాడొచ్చు. అదే మందు మాత్రగానో సిరప్‌గానో అయితే కుదరదు. అమ్మాయిల విషయంలో ఎవరూ అడగనిది ఒకటుంది. పూజలకీ పెళ్లిళ్లకీ నెలసరి వెనక్కి జరపడానికి మన ఇళ్లలో వేసుకునే నోరెథిస్టిరాన్ మాత్ర. దాని నుంచి ఒంట్లో కొద్దిగా నాండ్రొలోన్ జాడే పుడుతుంది. ల్యాబ్‌కి ఆ సంగతి తెలుసు, తేడా పట్టగలరు, కానీ ఫారంలో రాసి ఉండాలి. ఈ ప్రశ్న అడగడానికి ఒక మేడమ్‌ని కూర్చోబెట్టాం, లేకపోతే ఎవరూ చెప్పరు. ఏ మందు సంగతైనా తేల్చుకోవడానికి నాడా వాళ్ల ‘నో యువర్ మెడిసిన్’ యాప్ ఉంది, దాని పేరు పోస్టర్ మీదే వేశాం.

ప్రచారం జిమ్ముల నుంచి మొదలుపెట్టడం మా తప్పు. డబ్బా వెనక సిరంజీలు అమ్ముకునే కోచ్ తన కుర్రాళ్లని ఇటు పంపడు, పైగా ‘వాళ్ల దగ్గర పొడుగ్గా సన్నగా ఉన్నవాడికే కప్పు’ అని ప్రచారం చేస్తాడు. ఎంట్రీలు ఎక్కువ వచ్చింది కాలేజీ పీడీ సార్ల ద్వారా. మెన్స్ ఫిజిక్ క్లాసు పెట్టడం కూడా కలిసొచ్చింది. ట్రంకు వేసుకుని నిలబడటానికి సిగ్గుపడే కుర్రాడు మోకాళ్ల దాకా ఉండే షార్ట్‌తో అయితే ఎక్కుతాడు. వాడి వెనక అమ్మా నాన్నా మేనమామా వస్తారు, టిక్కెట్లు తెగేది అక్కడే. పోస్టర్ మీద కండల ఫొటో కన్నా ‘ప్రతి క్లాసు విజేతకీ మూత్రపరీక్ష, రిజల్టు వచ్చాకే చెక్కు’ అన్న లైను పెద్దక్షరాల్లో వేశాం. ‘మిస్టర్ ఆంధ్ర’, ‘మిస్టర్ తెలంగాణ’ లాంటి టైటిళ్ల జోలికి పోవద్దు, అవి సంఘాలు పెట్టుకునే పేర్లు, తగాదా కొనితెచ్చుకున్నట్టే.

స్పాన్సర్లు ఎక్కువగా సప్లిమెంట్ల వాళ్లే. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు లేనిదాన్ని రానివ్వలేదు. నంబరు ఉంటే లోపల కల్తీ లేదని కాదు, కనీసం ఎవరిని అడగాలో తెలుస్తుంది. స్టాలు పెట్టుకోవచ్చు గానీ ఆ రోజు ఎవరికీ గ్లాసులో కలిపి ఇవ్వకూడదని రాయించుకున్నాం. లేకపోతే రేపు పాజిటివ్ వచ్చినవాడు ‘మీ స్టాలులో తాగినదాని వల్లే’ అంటాడు, మన దగ్గర జవాబు ఉండదు.

తేదీ విషయంలో ఒక చిన్న కిటుకు. ఆషాఢంలో, మూఢాల్లో కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి, అద్దె బాగా దిగుతుంది. కానీ మండపం లైట్లు పెళ్లి వీడియోకి పనికొచ్చేవి. ఎదురుగా కొట్టే ఫ్లడ్ లైటు కండరాల గీతలన్నీ చెరిపేస్తుంది. లైటు ముందువైపు పైనుంచి ఏటవాలుగా, 45 డిగ్రీల దగ్గర్లో పడాలి. రంగులు మారే లైట్లు జడ్జింగ్ అయ్యేదాకా ఆపెయ్యాలి. వెనకాల ఫ్లెక్సీ కడితే మెరుస్తుంది, నల్ల గుడ్డ మేలు. మనిషికి నాలుగడుగుల లెక్కన ఆరుగురికి 24 అడుగుల వెడల్పు చూసుకోవాలి. పోలీసు అనుమతి, రికార్డు పాటలకి లైసెన్సు, రాత్రి పదికల్లా మైకు బంద్. ఇవి మామూలే.

మండపం వాళ్లతో గొడవ వచ్చింది, కండలు బాగా కనపడటానికి ఒంటికి పూసుకునే టాన్ దగ్గర. ఆ గోధుమరంగు పూత గోడకి తగిలితే పోదు. గ్రీన్ రూంలో నడుమెత్తు దాకా గోడలకి ప్లాస్టిక్ షీటు అంటించి, కుర్చీలకి పాత దుప్పట్లు కప్పాం. బాత్రూములు మర్చిపోయాం. కమోడ్ సీట్లన్నీ కాఫీ రంగు. అడ్వాన్సులో కోత పడింది.

బరువులు ముందురోజు సాయంత్రం చూశాం. 300 గ్రాములు ఎక్కువున్నవాడికి గంట టైమివ్వడం చాలాచోట్ల అలవాటు. మేము ఇవ్వలేదు, నేరుగా పై క్లాసుకి పంపాం. ఆ గంటలో వాడు ఏం మింగి వస్తాడో మనకి తెలియదు. బీపీ చూసే డాక్టర్, అంబులెన్సు రెండూ బరువు చూసే రోజు నుంచే ఉండాలి. కళ్లు తిరిగి పడేది ఆ రాత్రే.

జడ్జీలు ఏడుగురు. ప్రతి ఒక్కరూ ర్యాంకులు రాస్తారు, అతి ఎక్కువది ఒకటి, అతి తక్కువది ఒకటి తీసేసి మిగతా అయిదూ కూడతాం. ఒక కుర్రాడికి 1, 2, 2, 3, 2, 1, 5 వచ్చాయి. 1, 5 పోగా మొత్తం 10. పక్కవాడికి 2, 1, 1, 1, 3, 3, 1. ఒక 1, ఒక 3 తీస్తే 8. తక్కువ వచ్చినవాడే గెలిచినట్టు. తన శిష్యుణ్ని నెత్తిన పెట్టుకునే జడ్జీ, పగబట్టే జడ్జీ ఇద్దరి అంకెలూ ఇలా ఎగిరిపోతాయి. స్కోరు షీట్లు సాయంత్రమే గోడకి అంటించాం.

అసలు పరీక్ష స్టేజీ దిగాక. విజేతలందరితో, పాలీగ్రాఫ్ తప్పి పట్టీలో చేరినవాళ్లతో పాటు, జనం ముందే చీటీ తీసి ఇంకో ముగ్గురిని కలిపాం. మెట్లు దిగిన క్షణం నుంచి ఒక వాలంటీర్ వెంటే ఉండాలి, సంతకం పెట్టించుకోవాలి, సెల్ఫీలు దిగనివ్వొచ్చు గానీ కంటికి దూరం కానివ్వకూడదు. శాంపిల్ సీసాలుండే మూడు సీల్డ్ కిట్లు ముందు పెడితే ఆటగాడే ఒకటి ఎంచుకుంటాడు. డబ్బా మీద, సీసాల మీద, మూతల మీద నంబర్లు ఒకటేనా అని తనే పైకి చదవాలి. టాన్ ఉన్న చేతులు నీళ్లతోనే కడుక్కోవాలి, సబ్బు వద్దు. శాంపిల్ ఇచ్చేటప్పుడు చొక్కా ఛాతీ దాకా ఎత్తాలి, ప్యాంటు మోకాళ్ల దాకా దించాలి. అదే లింగం వాళ్లు ఎదురుగా నిలబడి చూడాలి.

కావలసింది 90 మిల్లీలీటర్లు. ‘ఏ’ అని రాసిన సీసాలో 60, ‘బీ’ అని రాసిన సీసాలో 30. గిన్నెలో మిగిలిన చుక్కలతో సాంద్రత చూస్తారు, 1.005కి తగ్గకూడదు. రెండు రోజులుగా గుక్కెడు నీళ్లు తాగనివాడికి ఇది నరకం.

‘రావట్లేదన్నా.’

‘కూర్చో తమ్ముడూ, తొందరేం లేదు. సీలున్న బాటిలే తీసుకో, మెల్లగా తాగు.’

వాడు మెల్లగా తాగలేదు, లీటరున్నర ఒక్కసారి పట్టించాడు. గంట తర్వాత వచ్చిన శాంపిల్ 1.002, పల్చన. మళ్లీ మొదటి నుంచి. మొత్తం రెండున్నర గంటలు పట్టింది. మండపం వాచ్‌మన్ తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. అందుకే శాంపిల్ గదికి మండపం టైము కన్నా మూడు గంటలు ఎక్కువ బుక్ చెయ్యాలి.

సీసాలు ఐస్ జెల్ పెట్టెలో, పేర్లు లేకుండా నంబర్లతోనే వెళ్లాయి. ఏ సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ టైముకి మారిందో రాసే కాగితం ఒక కాపీ మా దగ్గర. ఒకచోట టైము రాయకపోయినా లాయర్ అక్కడే పట్టుకుంటాడు.

స్టేజీ మీద కప్పులు, మెడల్స్ ఇచ్చాం. చెక్కులు ఇవ్వలేదు. ‘ఏ’ సీసా పాజిటివ్ వచ్చినా, ఆటగాడు అడిగితే ‘బీ’ సీసా తెరిచి మళ్లీ పరీక్షించేదాకా పేరు బయటికి చెప్పకూడదని ఫారంలోనే ఉంది, కమిటీ వాట్సాప్ గ్రూపులో కూడా చెప్పకూడదు. ఆ కొన్ని వారాలు రోజుకో ఫోను, ‘అన్నా, నా చెక్కు ఎప్పుడు’ అని. రిపోర్టులు ఒకేసారి రావు, కొన్ని ముందు, కొన్ని వెనక. వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఇచ్చేస్తే మిగిలినవాళ్ల మీద ఊరంతా అనుమానపడుతుంది. చివరి రిపోర్టు దాకా ఆగి, అందరికీ ఒకే రోజు ఇచ్చాం.