కరెంటు పోయినా మోగే ఫోను

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటుతున్నప్పుడు మా అమ్మ అంబాజీపేట దగ్గరి మా ఊళ్లో ఒక్కతే ఉంది. నేను హైదరాబాదులో ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం మాట్లాడిన కాసేపటికే అక్కడ కరెంటు పోయింది, ఆ రాత్రే వైఫై పోయింది, అర్ధరాత్రి దాటాక సెల్ టవరు కూడా మూగబోయింది. మర్నాడు మధ్యాహ్నం పక్కింటి పిన్ని మేడ ఎక్కి, ఎలాగో సిగ్నలు దొరికించుకుని, "అక్కయ్య బాగానే ఉంది బాబూ, కంగారు పడకు" అని చెప్పేవరకు నాకు ముద్ద దిగలేదు. సంక్రాంతికి ఊరు వెళ్లగానే ముందు ఈ ఫోను సంగతి తేల్చాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మా ఇంట్లో ఒకప్పుడు ఎర్ర రంగు ల్యాండ్‌లైను ఉండేది. ఊరంతా చీకటైనా అది మోగేది. ఎక్స్ఛేంజీలో 48 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. ఆ కరెంటు రాగి తీగ మీదనే మన ఇంటిదాకా వచ్చేది కాబట్టి ఫోనుకు మన మీటరుతో పని ఉండేది కాదు. 1996 నవంబరు తుపానులా స్తంభాలే విరిగిపడితే ఏ తీగా మిగలదు, నిజమే. కానీ మామూలు గాలివానలకు, రోజుల తరబడి కరెంటు లేని వేళలకు ఆ ఫోను ఎంత ఆసరాగా ఉండేదో అది పోయిన తరువాతే నాకు తెలిసివచ్చింది.

ఇప్పుడు నెట్‌తోపాటు ఫోనూ వచ్చే ఫైబరు తీగలో వెలుగే తప్ప కరెంటు ప్రవహించదు. గోడకున్న వైఫై బాక్సు ఆ వెలుగును మాటగా మార్చాలంటే 12 వోల్టుల కరెంటును మనమే ఇవ్వాలి. చాలాచోట్ల మధ్య దారిలో వెలుగును ఇళ్లకు పంచే పరికరాలకు కరెంటు అక్కరలేదు. అంటే ఆపరేటరు గదిలోనూ మన ఇంట్లోనూ బ్యాటరీ నిలిచి, తీగ తెగకుండా ఉంటే ఫోను పనిచేస్తుంది. అందుకే కేబుల్ అబ్బాయిని పిలిచి మొట్టమొదట అడిగింది నెట్ వేగం గురించి కాదు, కరెంటు లేకపోతే వాళ్ల గది ఎన్ని గంటలు నడుస్తుందని. "జనరేటరు ఉందండి, డీజిలు ఉన్నంతసేపూ ఢోకా లేదు" అన్నాడు. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా వృథా.

ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా, బాక్సును దానికే తగిలిస్తే సరిపోతుందని అందరూ అన్నారు. తుపాను రాత్రి జరిగింది వేరు. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి మారే ఆ క్షణంలో బాక్సు ఆగి, మళ్లీ మొదటినుంచి లేచింది. తరువాత రెండు ఫ్యాన్లు, దీపాలు తెల్లవారేలోపు బ్యాటరీని పీల్చేశాయి. పైగా ఏ పరికరమూ లేకపోయినా ఇన్వర్టరు తన కోసం తాను కొంత కరెంటు తింటుంది. పది వాట్ల బాక్సు కోసం దాన్ని రోజంతా నడపడం దండగ. ఫోనుకు దాని బ్యాటరీ దానికి విడిగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల సీల్డు బ్యాటరీ ఒకటి కొన్నాను. లెక్క ప్రకారం అందులో 84 వాట్-అవర్లు ఉంటాయి. బాక్సుకు ఎనిమిది గంటలకు పైగా రావాలి, కానీ ఆచరణలో ఐదారు గంటలే అనుకోవడం మంచిది. అమ్మ మాట్లాడవలసినప్పుడే స్విచ్చి వేసుకుంటే అదే బ్యాటరీ రెండు మూడు రోజులకు సరిపోతుంది. బ్యాటరీ తీగలను నేరుగా బాక్సుకు పెట్టకూడదు, ఎందుకంటే ఛార్జింగులో అది 13.5 వోల్టులు దాటుతుంది. మధ్యలో 12 వోల్టులు నిలకడగా ఇచ్చే చిన్న బోర్డు పెట్టించాను. మోకాలెత్తున ఉన్న బాక్సును కూడా వరద నీటికి అందకుండా అటక పక్కకు ఎక్కించాను.

రిసీవరుకు తీగ ఉన్న మామూలు ఫోనునే ఆ బాక్సు వెనక గుచ్చాను. తీగ లేని కార్డ్‌లెస్ ఫోనుకు కింది దిమ్మెకు మళ్లీ వేరే కరెంటు కావాలి.

కొబ్బరి మట్ట ఒకటి పడితే ఫైబరు తీగ తెగుతుంది కనుక రెండో దారి కూడా ఉండాలి. అందుకు లోపల బ్యాటరీ ఉన్న, సిమ్ వేసుకునే టేబుల్ ఫోను తెచ్చి, అమ్మ సెల్‌ఫోనుది కాని మరో కంపెనీ సిమ్ వేశాను. మా ఇల్లు తోటల మధ్య ఉండడంతో సిగ్నలు అంతంత మాత్రమే. యాంటెన్నాను మేడ మీది గొట్టానికి కట్టాక స్పష్టంగా వినిపించింది. తుపాన్ల వేళ ఒక కంపెనీ టవరు ఆగితే మరో కంపెనీ టవరు వాడుకునేలా ప్రభుత్వం ఆదేశిస్తుంటుంది. అప్పుడు సెట్టింగుల్లో నెట్‌వర్కును చేత్తో ఎంచుకోవలసి రావచ్చు. ఆ పని పిన్ని కొడుకుకు నేర్పాను.

కనుమ మర్నాడు మెయిన్ స్విచ్చి ఆపి, వీధిలోకి వెళ్లి, నా సెల్ నుంచి ఇంటి ఫోనుకు చేశాను. "ఒరేయ్, కరెంటు లేదు కదా, ఇదెలా మోగిందిరా!" అంది అమ్మ. కానీ ఆవిడ తిరిగి నాకు చేయబోతే కలవలేదు. ల్యాండ్‌లైను నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలన్న నియమం 2021 జనవరి 15 నుంచి ఉంది, నాకే తట్టలేదు. ఆ సాయంత్రం అట్ట ముక్క మీద మా అందరి నంబర్లూ సున్నాతో సహా పెద్ద అక్షరాలతో రాసి, అడుగున అత్యవసర నంబరు 112, విపత్తుల కంట్రోలు రూము నంబరు 1070 చేర్చి, ఫోను పైన గోడకు మేకుతో కొట్టాను. మళ్లీ మెయిన్ ఆపి, ఈసారి అమ్మ చేతే చేయించాను.