హాలుకు కొత్త టీవీ: తెరల పరీక్ష ఎంతవరకు వచ్చిందంటే

గది లెక్క

షోరూంలో ఏ టీవీ అయినా బాగానే కనిపిస్తుంది. అందుకే దుకాణాల కంటే ముందు ఇల్లు కొలిచాను. మా హాలులో టీవీ గోడకూ సోఫాకూ మధ్య దూరం తొమ్మిది అడుగులు. సోఫా వెనుక బాల్కనీ తలుపు, పడమటి ముఖం. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ లోపలికి వచ్చేస్తుంది. ఫోనులో వెలుతురు కొలిచే యాప్ వేసి చూస్తే, కర్టెన్ లాగినా పగలు 250 లక్స్ చుట్టూ ఉంది. రాత్రి ఒక్క దీపం ఉంచితే 30 దాటడం లేదు. ఫోను సెన్సర్ లెక్క అంత కచ్చితం కాదు కానీ, పగటికీ రాత్రికీ ఎంత తేడా ఉందో తెలియడానికి అది చాలు.

ఇక మనుషుల సంగతి. నాన్నగారి దివాన్ పక్క గోడకు ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి తెర దాదాపు 45 డిగ్రీల వాలులో కనిపిస్తుంది. ఆయన పొద్దున కాఫీతో వార్తల ఛానల్ పెడితే మధ్యాహ్నం భోజనం వరకు మార్చరు. మా ఆవిడకూ నాకూ రాత్రి పది తర్వాత సినిమా, దీపాలన్నీ ఆర్పి. క్రికెట్ ఉంటే పట్టపగలు, బాల్కనీ తలుపు తెరిచి, ఇంటిల్లిపాదీ. ఒకే తెర ఈ మూడు పనులూ చేయాలి.

సైజు తేల్చడం కష్టం కాలేదు. చూపు కోణం 30 డిగ్రీలు ఉండాలన్న లెక్కకు దూరాన్ని 1.6తో భాగించాలి. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు, భాగిస్తే 67 వస్తుంది. అంటే 65 అంగుళాల టీవీ. వెడల్పు 144 సెంటీమీటర్లు, ఎత్తు 81. పాత దినపత్రికలు ఆ కొలతకు అతికించి కొన్నాళ్లు గోడ మీద ఉంచాను. అటూ ఇటూ తిరిగే అందరూ ఏదో ఒకటి అన్నారు కానీ, పెద్దదైందని మాత్రం ఎవరూ అనలేదు.

పాత తెర ఇచ్చిన సాక్ష్యం

ఇప్పుడు ఇంట్లో ఉన్నది 42 అంగుళాల ప్లాస్మా టీవీ, చుక్కలు తమంతట తామే వెలిగే పాత రకం. ప్లాస్మా తయారీని ప్రపంచంలో అందరూ 2013, 2014 ప్రాంతాల్లో ఆపేశారు. వేసవిలో గదిని వేడెక్కిస్తుంది, కరెంటు తాగుతుంది, అయినా దాని నలుపును, కదిలే బొమ్మ స్పష్టతను నేను ఇప్పటికీ కొలబద్దగానే పెట్టుకున్నాను. కొత్తది కనీసం దానికి తీసిపోకూడదు కదా.

పెన్‌డ్రైవ్‌లో ఉత్త బూడిద రంగు బొమ్మ ఒకటి పెట్టి ఈ ప్లాస్మాలో నింపి చూశాను. కింద అడ్డంగా, రెండు వేళ్ల వెడల్పున, స్క్రోలింగ్ పట్టీ నీడ. దాని పైన ఇంకో లావుపాటి పట్టీ, అది బ్రేకింగ్ న్యూస్ చోటు. కుడివైపు పైమూల చిన్న చతురస్రం, ఛానల్ గుర్తు. సినిమా నడుస్తుంటే తెలియదు. ఆకాశమో తెల్ల గోడో వస్తే నాకు వెంటనే కంటికి తగులుతుంది. మన వార్తా ఛానళ్లలో తెర కింది మూడో వంతు రోజంతా ఒకే రంగులో, ఒకే చోట, మంచి వెలుగుతో నిలిచి ఉంటుంది. అలా ఏళ్ల తరబడి కదలకుండా వెలిగితే దాని ముద్ర తెర మీద మిగిలిపోతుంది. ఏ తెర కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు ఆ బూడిద బొమ్మ మీదే దొరికింది.

పేర్ల గోల

అట్టపెట్టెల మీద ఎన్ని పేర్లున్నా, ఇప్పుడు మామూలుగా ఇళ్లకు కొనేవాటిలో అసలు జాతులు రెండే. వెనుక దీపం వెలుగుతుంటే ముందున్న పొర దాన్ని ఆపే రకం ఎల్‌సీడీ. ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే రకం ఓఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ టీవీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ అన్నీ మొదటి జాతివే. ఓ షోరూంలో సేల్స్ కుర్రాడు, "క్యూఎల్‌ఈడీ అంటే ఓఎల్‌ఈడీ కంటే కొత్తది సార్" అన్నాడు. "దీపాలు అంచున ఉన్నాయా, వెనుకంతా ఉన్నాయా బాబూ?" అని అడిగితే మేనేజర్‌ను పిలుచుకొచ్చాడు. ఆయనకూ తెలియలేదు, కానీ కుర్చీ వేయించారు.

క్యూ అనేది క్వాంటం డాట్లకు గుర్తు. నీలి కాంతిని శుద్ధమైన ఎరుపుగా, పచ్చగా మార్చే అతి సూక్ష్మ రేణువులవి. 2023 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వీటి పరిశోధనకే వచ్చింది. రంగులు చిక్కగా రావడానికి పనికొస్తాయి కానీ నలుపుకు వాటితో సంబంధం లేదు. ఎల్‌సీడీ పొర వెలుగును పూర్తిగా ఆపలేదు, ఎంత బిగించినా కారే కొళాయి లాంటిది. అందుకే దీపాలను విడివిడి గుంపులుగా చేసి, చీకటి ఉన్నచోట తగ్గిస్తారు. మినీ ఎల్‌ఈడీలో జరిగేది అదే, దీపాలు చిన్నవి, గుంపులు ఎక్కువ. ఎక్కువ అన్నా లెక్క వేసుకోవాలి. 4కె తెరలో చుక్కలు దాదాపు 83 లక్షలు. గుంపులు 500 అయితే ఒక్కో గుంపు కింద పదహారు వేల పైచిలుకు చుక్కలు. వాటన్నిటికీ వెలుగు ఒకటే.

ఎల్‌సీడీలో మళ్లీ రెండు రకాల ప్యానెళ్లు, అంటే తెర పలకలు. వీఏలో నలుపు మూడు నాలుగు రెట్లు చిక్కన, కానీ పక్కకు జరిగితే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్‌లో పక్క నుంచి చూపు బాగుంటుంది, రాత్రి పూట మాత్రం నలుపు బూడిదవుతుంది. పెట్టె మీద ఈ సంగతి రాయరు. ఫోను కెమెరాను మాక్రోలో పెట్టి తెల్ల బొమ్మ మీద దగ్గరగా ఆనిస్తే కొంత తెలుస్తుంది. ఐపీఎస్ చుక్కలు చాలావరకు బాణం ములుకుల్లా వంగి ఉంటాయి, వీఏవి నిలువు దీర్ఘ చతురస్రాలు. ఓఎల్‌ఈడీ మీద ఇదే చేస్తే రెండు రకాలు కనిపిస్తాయి. ఎరుపు, పచ్చ, నీలం పక్కన నాలుగోది తెలుపు ఉంటే అది ఎల్‌జీ మొదలుపెట్టిన పద్ధతి. మూడే ఉండి, త్రికోణంలో అమరి ఉంటే 2022లో వచ్చిన క్యూడీ ఓఎల్‌ఈడీ, అంటే క్వాంటం డాట్లు కలిపిన ఓఎల్‌ఈడీ.

పెన్‌డ్రైవ్ సరుకు

పరీక్ష బొమ్మలు కంప్యూటర్‌లో నేనే గీశాను, అన్నీ 3840 x 2160 కొలతలో. పూర్తి నలుపు, పూర్తి తెలుపు, ముదురు బూడిద, లేత బూడిద. ఒక సినిమా పాటలో కెమెరా మెల్లగా పక్కకు జరిగే ముక్క. మా వీధిలో రాత్రి ఫోనుతో తీసిన వీడియో ఒకటి. అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం నల్లటి తెర మీద నాలుగు మూలలా, మధ్యలో పెట్టిన తెల్లని "ఠ". చుట్టూ వలయం, నడుమ చుక్క, మధ్యలో నలుపు. కాంతి ఎక్కడ కారినా వలయం లోపల పట్టుబడుతుంది.

షోరూంకు సెలవు రోజున వెళ్లకూడదు. మామూలు రోజు పదకొండు గంటలకు వెళితే జనం ఉండరు, రిమోట్ ఇస్తారు. ముందుగా స్టోర్ మోడ్ (దుకాణంలో మెరిసేలా పెట్టే సెట్టింగ్) తీసేసి సినిమా మోడ్ గానీ, ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టించాలి. కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఆపాలి. అది ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. కంపెనీ డెమో వీడియో జోలికే పోవద్దు. నల్లటి నేపథ్యంలో పండ్లు, తేనె చుక్కలు ఏ టీవీలోనైనా అద్భుతమే.

"ఠ" ఏం చెప్పింది

అంచు దీపాల టీవీలో అక్షరం ఉన్నచోట పైనుంచి కిందికి తెల్లటి చార మొత్తం తేలింది. గుంపులు లేని మామూలు ఎల్‌ఈడీలో తెరంతా ఒకే బూడిద, అదో రకం నిజాయితీ. మినీ ఎల్‌ఈడీలో అక్షరం చుట్టూ అరచేతి వెడల్పున పొగమంచు. ఎదురుగా నిలబడితే పలచన, పక్కకు జరిగితే పెరిగింది. వలయం లోపల నలుపు అనలేం, బొగ్గు రంగు అనాలి. ఓఎల్‌ఈడీలో వలయం లోపల అసలేమీ లేదు. చుక్క ఒక్కటే శూన్యంలో నిలబడినట్టుంది. ప్లాస్మాకు అలవాటైన నా కళ్లకు కూడా అది కొత్తే.

అక్కడితో ఆగి ఉంటే ఓఎల్‌ఈడీ కొనేవాడిని. తర్వాత తెల్ల బొమ్మ వేశాను. చిన్న చోట వెయ్యి నిట్స్ (తెర వెలుగుకు కొలమానం) వెలుగిచ్చే ఓఎల్‌ఈడీ కూడా తెరంతా తెలుపైతే అందులో నాలుగో వంతుకు తగ్గడం మామూలే, కరెంటునూ వేడినీ అదుపులో ఉంచడానికి అలా చేస్తారు. పగటి క్రికెట్ మైదానం దాదాపు తెల్ల బొమ్మ కిందే లెక్క. మినీ ఎల్‌ఈడీ అక్కడ ఏమాత్రం తగ్గలేదు. క్యూడీ ఓఎల్‌ఈడీ నలుపు దుకాణపు ట్యూబులైట్ల కింద లేత ఊదా రంగుకు తిరిగింది. దాని ముందు పొరలో బయటి కాంతిని మింగే పోలరైజర్ ఉండదు, అదీ కారణం. మా బాల్కనీ ముందు అది నిలవదు. తెలుపు చుక్క ఉన్న ఓఎల్‌ఈడీ మాత్రం దీపాల కింద కూడా నల్లగానే ఉంది.

కదలికలో ఇంకో తేడా గమనించాను. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఓఎల్‌ఈడీ ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు క్షణంలో మారిపోతుంది కాబట్టి, కెమెరా మెల్లగా జరిగేటప్పుడు బొమ్మ చిన్న చిన్న గెంతులు వేస్తుంది. వీఏలో దీనికి ఎదురు జబ్బు, చీకటి భాగాలు వెనక తోకలా సాగుతాయి. మా వీధి వీడియోలో నల్ల కుక్క నడుస్తుంటే దాని వెనుక నీడ సాగడం స్పష్టంగా కనిపించింది. ఏదైనా 120 హెర్ట్జ్ ప్యానెల్, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ చూపేది, కొనడం మేలు. 24ను 120లో సమానంగా అయిదేసి సార్లు చూపవచ్చు, 60లో అలా కుదరదు.

4కెకు నాలుగు రెట్లు చుక్కలుండే 8కె మాట ఎత్తినవాళ్లకు ఒక లెక్క చెప్పాను. మామూలు ఎస్‌డీ (తక్కువ స్పష్టత) ఛానల్ బొమ్మ 720 x 576, నాలుగు లక్షల చుక్కలు. 4కె తెర మీద ఇరవైలో ఒకటే అసలుది, మిగతా పందొమ్మిదీ టీవీ ఊహించి నింపినవి. నాన్నగారి ఛానల్‌ను షోరూంలో పెట్టించి చూడడం అందుకే ముఖ్యం. ఈ నింపడంలో చౌక టీవీకీ మంచి టీవీకీ ఉన్నంత తేడా ప్యానెళ్ల మధ్య కూడా లేదు.

తేల్చుకున్నది

ఒక రోజు నాన్నగారినే తీసుకెళ్లి, మా దివాన్ ఉన్న వాలులో కుర్చీ వేయించి వీఏ మినీ ఎల్‌ఈడీ ముందు కూర్చోబెట్టాను. "వెలిసిన పంచెలా ఉందిరా, చదవడానికేం లోటు లేదులే" అన్నారు. దాన్ని కొంచెం ఆయన వైపు తిప్పించాను. అప్పుడిక ఏ వంకా పెట్టలేదు. దాంతో దారి దొరికింది, వీఏ మినీ ఎల్‌ఈడీయే తీసుకుంటాం. గోడకు అతుక్కునే స్టాండ్ కాకుండా చేయి సాగి పక్కకు తిరిగే స్టాండ్ బిగించి, పొద్దున ఆయన వైపు తిప్పుతాం, రాత్రి నేరుగా పెట్టుకుంటాం.

ఓఎల్‌ఈడీని వదులుకున్నది ధర వల్ల కాదు. రోజుకు ఆరేడు గంటలు కదలని పట్టీ ఒకటి, ప్లాస్మాలాగే ఓఎల్‌ఈడీలోనూ దాని ముద్ర పడొచ్చు. మా ఇంట్లో పడుకునే ముందు గోడ స్విచ్‌లన్నీ ఆపే అలవాటు రెండోది. ఓఎల్‌ఈడీ కొన్ని గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపిన తర్వాత తనను తాను సరిచేసుకుంటుంది. గోడ స్విచ్ ఆపేస్తే ఆ పని జరగదు. అమ్మ చేత స్విచ్ వేసే ఉంచమని చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు. ఒక్కరే రాత్రి సినిమాలు చూసే ఇల్లయితే మారు మాట లేకుండా ఓఎల్‌ఈడీనే తీసుకోమంటాను.

ధర చూసేటప్పుడు పాత వీడియోల్లో చెప్పిన రేట్లు పట్టుకోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు లక్ష ఉన్నది ఆ లెక్కన 92 వేల చిల్లరకు రావాలి. రాకపోతే బేరం ఆడటానికి అదే ఆధారం.

ఇక మిగిలినవి. మా హాలు గోడ బోలు ఇటుకదో, గట్టి ఇటుకదో మేస్త్రీ చేత డ్రిల్ వేయించి చూడాలి. 65 అంగుళాల టీవీ దాదాపు ఇరవై కిలోలు ఉంటుంది, చేయి సాగినప్పుడు గోడ మీద లాగుడు ఇంకా ఎక్కువ. టీవీ వెనుక రంధ్రాల మధ్య దూరం స్టాండ్‌కు సరిపోవాలి. ప్లగ్ పాయింటు ఇప్పుడున్న చోట స్టాండ్ మడతకు అడ్డొస్తుంది, అడుగు పక్కకు జరిపించాలి. టీవీ వచ్చిన రోజే బూడిద బొమ్మలు వేసి మరకలు చూడాలి. ఒకే మోడల్‌లో కూడా ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ తేడా ఉంటుంది, షోరూంలో చూసినదే ఇంటికి రాదు. మార్పిడి గడువు దాటేదాకా అట్టపెట్టె, థర్మకోల్ అటక మీద ఉంచుతాం. అటక మీద చోటు చేయడం ఈ వారం పని.