డోలక్ వెంట వచ్చిన ఏడుగురు

మాది నలభై గడపల లూథరన్ సంఘం, తెనాలికి ఆటోలో ఇరవై నిమిషాల దూరం. యూత్ మీటింగ్ అంటే తొమ్మిదిమంది పిల్లలు, ఒక కీబోర్డు, ఒక డోలక్, నేను. తొమ్మిదిమందీ పసికందులుగా బాప్తిస్మం పొందినవాళ్లే. సగంమంది ఒకరికొకరు మేనత్త మేనమామ పిల్లలు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చిన కథ వాళ్ల తాతమ్మల దగ్గర వినీ వినీ విసుగెత్తిపోయినవాళ్లు. కొత్తవాళ్లొస్తే ఏం చెయ్యాలో మేమెప్పుడూ ఆలోచించలేదు. వస్తేగా!

కిందటేడాది కాక అంతకు ముందు క్రిస్మస్‌కి క్యారల్స్ తిరుగుతుంటే చర్చి వెనక వీధి కుర్రాళ్లు ఏడుగురు డోలక్ మోత విని మా వెంటపడ్డారు. పధ్నాలుగు, పదిహేడేళ్ల మధ్యవాళ్లు. అందులో ఒకడు పెళ్లి బ్యాండులో వాయిస్తాడు. వాణ్ని ఇక్కడ చిన్నోడు అంటాను. మూడో ఇంటి దగ్గర మావాడు చెయ్యి పీకుతోందంటే డోలక్ అందుకున్నాడు. మళ్లీ ఇవ్వలేదు, మావాడు అడగనూ లేదు. ఆఖరింట్లో కేకు తిని, టీ తాగి, "మళ్లీ ఎప్పుడక్కా?" అన్నారు. జనవరి మొదటి శనివారం ఆరింటికి చూస్తే చర్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతున్నారు.

నాకు సంతోషం పట్టలేదు. అది అరగంటే నిలిచింది.

మొదటి పాట అవగానే ఈలలేశారు. బాగా పాడితే ఇంకేం చేస్తారు మరి? వెనక కూర్చున్న సంఘపెద్ద లేచి వచ్చి ఒకణ్ని "రక్షణ పొందావా బాబూ?" అని అడిగారు. వాడు భయపడి, "నేనేం చెయ్యలేదండీ" అన్నాడు. పాపాల నుంచి విడుదలని మేం రక్షణ అంటాం, వాడికేం తెలుసు! తర్వాత నేను అలవాటు ప్రకారం "సాక్ష్యం ఎవరైనా చెప్తారా?" అన్నాను, అంటే దేవుడు తమకి చేసిన మేలు చెప్పమని. "కేసేంటిరా?" అని గుసగుస వినిపించింది. చర్చిలోనే అర్థమయ్యే ఇలాంటి మాటల్ని కానాను భాష అని మాలో మేం నవ్వుకుంటుంటాం గానీ, బయటివాళ్ల చెవులతో అది వినడం నాకదే మొదలు. రక్షణ, సాక్ష్యం, తీర్పు, అన్నీ ఒకే గంటలో వింటే ఏ పోలీస్ స్టేషన్‌కో వచ్చామనుకోరూ!

అసలు దెబ్బ ముగింపు ప్రార్థనలో తగిలింది. మా అమ్మాయి ఒకతి, చాలా మంచి పిల్ల, కళ్లు మూసుకుని "ఈ సాయంత్రం మా మధ్యకు వచ్చిన అన్యులను దీవించండి ప్రభువా" అంది. బయటికొచ్చాక చిన్నోడు అడిగాడు, "అన్యులంటే ఎవరక్కా?" కొత్తవాళ్లు అని చెప్పాను. అబద్ధం. క్రైస్తవులు కానివాళ్లని మేం అలా అంటాం. వాడికీ తెలిసే ఉంటుంది.

అయినా వచ్చారు. డోలక్ కోసం, మిరపకాయ బజ్జీల కోసం, మా ఆడపిల్లల్ని చూడ్డానికి కూడా అనుకోండి, దాచడం ఎందుకు. నాలుగో వారం నేనే పెద్ద తప్పు చేశాను. బైబిల్లో మార్కు సువార్త మొదలుపెట్టి, వలయంగా కూర్చోబెట్టి, తలా ఒక వచనం చదవమన్నాను. మా పిల్లలకి నోటికి అలవాటైన గ్రాంథికం గడగడా సాగిపోతోంది. చిన్నోడి పక్కవాడి దాకా వచ్చింది. చిన్నోడు వేలు పేజీ మీద పెట్టి ఉన్నాడు, మేం చదువుతున్న చోట కాదు, ఎక్కడో కింద. వంతు రాగానే "మంచినీళ్లు తాగొస్తానక్కా" అని లేచాడు. కిటికీలోంచి చూశాను. బోరింగు దగ్గర ఆగలేదు, సందులోకి తిరిగిపోయాడు. మూడు వారాలు రాలేదు.

బళ్లో పాఠాలు చెప్పేదాన్ని, పదో తరగతి దాటినా చదవడం రానివాళ్లు ఎందరుంటారో రోజూ చూసేదాన్ని. నాకు తట్టకపోవడం ఏంటి?

వాళ్లింటికి బైబిలు తీసుకెళ్లకుండానే వెళ్లాను. వాళ్లమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తకుండా, "ఏందమ్మా, మావాణ్ని మీలో కలుపుకుంటారా? సర్టిఫికెట్‌కేమన్నా అవుద్దా?" అంది. వాళ్లది ఎస్సీ సర్టిఫికెట్. ఈ ప్రశ్న మా పెద్దలకి కోపం తెప్పిస్తుంది గానీ, ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సి కిందికి వస్తారు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో తలుపు తీశారు, మాకు తియ్యలేదు. అదంతా చెప్పి, "శనివారం వచ్చి కూర్చుంటే, పాట పాడితే ఏ కాగితమూ మారదు. మీకు తెలియకుండా మీవాడికి బాప్తిస్మం మాట ఎత్తను" అని మాటిచ్చాను. ఆమె చెయ్యి తుడుచుకుని ఫోన్ నంబరు చెప్పింది. మిగతా ఆరు ఇళ్లకీ వెళ్లాను. ఒక తండ్రి వద్దన్నాడు, ఆ కుర్రాణ్ని నేనే పంపించేశాను. వాడికి నా మీద ఇప్పటికీ కోపం.

చదివించడం మానేశాం. ఫోన్లో ఆడియో బైబిలు పెట్టి, ఆపి ఆపి, మన మాటల్లో నేను మళ్లీ చెప్తాను. తలుపులు తెరిచే ఉంచుతాం, నాతోపాటు ఇంకో పెద్ద మనిషి ఉంటారు, ఏడున్నరకి ఇళ్లకి.

బయటివాళ్లని లోపలికి తేవడం కష్టమనుకున్నాను గానీ, నన్ను ఎక్కువ ఏడిపించింది మా తొమ్మిదిమందే. మార్చి వచ్చేసరికి ఐదుగురే మిగిలారు. కీబోర్డు అబ్బాయి సూటిగా అనేశాడు: "మా మీటింగ్ మాకు లేకుండా పోయిందక్కా. మేం లోతుగా మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడంతా మొదట్నుంచి." వాడి మాటలో నిజం ఉంది. వాళ్లకోసం ఆదివారం ఆరాధన తర్వాత ఒక గంట వేరే పెట్టాను. ఆ గంటలో ఒకసారి అడిగాను, శనివారం ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారని. ఎవరూ మాట్లాడలేదు. మావాళ్లు గోడవైపు, వాళ్లు తలుపువైపు. తర్వాతి శనివారం కీబోర్డు అబ్బాయి తలుపు దగ్గర కూర్చున్నాడు. మొహం మాత్రం ముడుచుకునే ఉన్నాడు.

ఇప్పటికి ఏడుగురిలో ముగ్గురు వస్తున్నారు. ఇద్దరు హైదరాబాదు పనికెళ్లారు, ఒకడికి విసుగొచ్చింది, ఇంకొకడి సంగతి చెప్పాను కదా. చిన్నోడు వాళ్ల నాన్నతో సెంట్రింగ్ పనికి పోతూ శనివారం సిమెంటు కాళ్లతోనే వస్తాడు.

పోయిన వారం మార్కు రెండో అధ్యాయం మళ్లీ విన్నాం. పక్షవాతం వచ్చినవాణ్ని నలుగురు మోసుకొచ్చి, జనం మధ్య దారి లేక ఇంటి కప్పు విప్పి యేసు ముందు దింపిన కథ. విశ్వాసం గురించి చెప్పబోతుంటే చిన్నోడు డోలక్ పక్కన పెట్టి, "అక్కా, ఆ కప్పు మళ్లీ ఎవరేశారు?" అన్నాడు.

"రాయలేదురా."

"కూలీ ఎవరిచ్చారు? ఆ ఇంటాయన ఊరుకున్నాడా?"

పాస్టరు గారిని అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, "శనివారం నేనూ వస్తానమ్మా" అన్నారు.