ఒర్తెజ్ బురుజు చూశాక

ఫ్రాన్స్‌లో పిరనీస్ కొండలకు దగ్గరగా ఉన్న ఒర్తెజ్‌లో మోంకాద్ బురుజు చూశాను. అప్పటి నుంచి ఆ కోటలో కొలువుతీరిన ఫ్వా సీమ ప్రభువు మూడో గాస్తోన్ నన్ను వదలడం లేదు. సూర్యదేవుడి పేరు తీసుకుని 'ఫేబుస్' అనిపించుకున్న మనిషి.

1349లో నవార్ రాజు సోదరి ఆగ్నెస్‌ను పెళ్లాడాడు. 1362లో కొడుకు పుట్టిన కొద్ది నెలలకే, కట్నం బాకీ తీరలేదని ఆమెను పంపించేశాడు. బాలింత! చదువుతుంటే ఒళ్లు మండిపోయింది.

ఆ కొడుకు పెద్దవాడై తల్లిని చూసి వచ్చాడు. మేనమామ ఇచ్చిన సంచిలోని పొడి తిన్న కుక్క చచ్చిందని, అది తనకు పెట్టబోయిన విషమనుకుని తండ్రి అతణ్ణి చెరలో వేశాడని 1388లో ఇక్కడికి వచ్చిన చరిత్రకారుడు ఫ్రువాసార్ రాశాడు. చెరలో అన్నం ముట్టని కొడుకు దగ్గరికి కోపంతో ఫేబుస్ వెళ్లాడట. చేతిలో గోళ్లు తీసుకునే చిన్న కత్తి. మొన నాణెం మందమంతే వేళ్ల బయటికి ఉంది. అది మెడ నరానికి తగిలి కొడుకు చనిపోయాడు. అది 1380.

తర్వాత అతను వేట మీద రాసిన గ్రంథంలో కుక్కలకు మెత్తటి గడ్డి పరచాలని ఎంత శ్రద్ధగా చెప్పాడో! ఆ శ్రద్ధలో కాస్తయినా కన్నకొడుక్కి దక్కలేదే అని నా బాధ.

1391లో ఎలుగుబంటి వేట ముగించి, భోజనానికి చేతులు కడుక్కుంటూ కుప్పకూలాడు. ధర్మపత్నికి పుట్టిన వారసుడు లేడు. ఫ్వా సీమ దాయాది మాత్యూ ద కాస్తెల్బోన్‌కు పోయింది.