థెస్సలొనీకిలో ముందు సమాధులు పోయాయి

హిట్లర్ కాలంలో యూదుల మీద జరిగిన ఘోరం అంటే మనలో చాలామందికి జర్మనీ, పోలాండ్, మహా అయితే ఆన్ ఫ్రాంక్ గుర్తొస్తారు. గ్రీస్ పేరు ఎవరూ ఎత్తరు. అక్కడి థెస్సలొనీకి అనే రేవు పట్టణం గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను, చదివినకొద్దీ కడుపు మండిపోతోంది, అందుకే ఈ పోస్టు.

1492లో స్పెయిన్ రాజు, రాణి కలిసి మతమైనా మారండి, దేశమైనా వదలండి అంటే, కట్టుబట్టలతో బయల్దేరిన యూదుల్లో వేలమంది ఒట్టోమన్ సుల్తాను ఏలుబడిలో ఉన్న ఈ ఊరు చేరారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఇళ్లలో పాత స్పానిష్‌ నుంచి వచ్చిన లదీనోలోనే మాట్లాడుకునేవాళ్లు. పెద్ద వ్యాపారులూ ఉన్నారు గానీ, రేవులో మూటలు మోసే హమాలీలు, చేపలు పట్టేవాళ్లు, పొగాకు కార్ఖానాల్లో పనిచేసే ఆడపిల్లలు కూడా వాళ్లే (యూదులంటే వడ్డీ వ్యాపారులే అనుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నా). శనివారం యూదులకు విశ్రాంతి దినం, ఆ రోజు వస్తే రేవు మొత్తం మూతే! 1912లో ఊరు గ్రీస్ చేతికొచ్చింది, 1917 అగ్నిప్రమాదంలో వాళ్ల పేటలు చాలావరకు బూడిదయ్యాయి, చాలామంది వలసపోయారు. అయినా యుద్ధం నాటికి ఇంకా 50,000 మంది దాకా ఉన్నారు.

1941 ఏప్రిల్‌లో జర్మన్లు దిగారు. 1942 జూలై 11, శనివారం పూట, 18 నుంచి 45 ఏళ్ల యూదు మగవాళ్లంతా ఎలెఫ్తెరియాస్ కూడలికి రావాలని ఆర్డరేశారు. సుమారు 9,000 మంది వచ్చారు. మండుటెండలో నెత్తిన టోపీ కూడా లేకుండా గంటల తరబడి నిలబెట్టి, కసరత్తులు చేయించి, నేల మీద పొర్లించి, పడిపోయినవాళ్లను తన్నారు. ఫోటోలున్నాయి, చూడ్డం కష్టం. తర్వాత వేలమందిని రోడ్డు పనులకు తోలారు. వాళ్లను విడిపించుకోవాలంటే డబ్బు కట్టమన్నాడు జర్మన్ సైనిక పాలనలో అధికారి మాక్స్ మెర్టెన్. కోట్లకు కోట్ల డ్రాక్మాలు (గ్రీస్ డబ్బు). ఆ బేరంలోకే యూదుల శ్మశానం కూడా వచ్చింది.

పాత కోటగోడ అవతల ఉన్న ఆ శ్మశానంలో 3 లక్షలకు పైగా సమాధులు. ఆ స్థలం మీద ఊరి పెద్దల కన్ను ఎప్పటినుంచో ఉంది, యూనివర్సిటీకి జాగా కావాలి కదా. 1942 డిసెంబర్‌లో మెర్టెన్ ఊ అన్నాడు, అంతే, మున్సిపాలిటీ కూలీలు గునపాలు పట్టుకుని దిగిపోయారు, కొన్ని వారాల్లో అదొక రాళ్ల క్వారీ అయిపోయింది. తాతముత్తాతల పేర్లు చెక్కిన పాలరాతి పలకలు పేవ్‌మెంట్లకీ, గోడలకీ, చర్చి రిపేర్లకీ, చివరికి ఒక స్విమ్మింగ్ పూల్‌కీ వెళ్లాయి. నాకు మింగుడుపడనిది ఇదే. జర్మన్లు ఇచ్చింది పర్మిషను, తవ్వింది మాత్రం ఊరివాళ్లు. బతికున్నవాళ్లను తీసుకెళ్లే రైళ్లు అప్పటికింకా మొదలు కూడా కాలేదు.

1943 మార్చి 15న మొదటి రైలు కదిలింది. స్టేషన్ పక్కనే ఉన్న బారన్ హిర్ష్ పేటకి కంచె వేసి, జనాన్ని అందులోకి నెట్టి, అక్కడినుంచి బండెక్కించారు. పోలాండ్‌లో కొత్త జీవితం అని నమ్మించి, ఉన్న డ్రాక్మాలు లాక్కుని అక్కడి జ్లోటీలు ఇస్తామని రశీదులు చేతిలో పెట్టారు! ఆ రశీదులు భద్రంగా దాచుకుని పిల్లాపాపలతో ఆష్విట్జ్ అనే మరణ శిబిరంలో దిగారు. ఆగస్టు లోపు 45,000 మందికి పైగా. తిరిగొచ్చినవాళ్లు రెండు వేలమంది కూడా లేరు.

అదే గ్రీస్‌లో జాకింథోస్ అనే దీవిలో, యూదుల జాబితా ఇవ్వమని జర్మన్లు అడిగితే మేయరు లూకాస్ కారెర్, బిషప్ క్రిసోస్తొమోస్ తమ ఇద్దరి పేర్లే రాసిచ్చారని చెబుతారు. అక్కడున్న 275 మందీ బతికారు. చిన్న దీవిని అంత పెద్ద ఊరితో పోల్చకూడదు, నిజమే, కానీ పోల్చకుండా ఉండలేను.

యూనివర్సిటీ ఇప్పటికీ ఆ శ్మశానం మీదే ఉంది. క్యాంపస్‌లో ఒక స్మారకం పెట్టడానికి 2014 దాకా పట్టింది, ఆవిష్కరణకు అప్పటి మేయరు యానిస్ బుతారిస్ వచ్చి, ఇన్నేళ్ల మౌనానికి ఊరు సిగ్గుపడుతోందని అన్నాడు. మరి మెర్టెన్? 1957లో ధైర్యంగా గ్రీస్ వచ్చి దొరికిపోయాడు, 1959లో 25 ఏళ్ల శిక్ష పడింది, అదే ఏడాది పశ్చిమ జర్మనీకి అప్పగించేశారు. 1971లో పోయేదాకా అక్కడ స్వేచ్ఛగానే బతికాడు.