గుత్తి మన్రో మనవడే కొండల మన్రో: కాగితాల మీద నిరూపించేసరికి తాతలు దిగొచ్చారు

కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారితే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

మాది గుత్తి పక్క పల్లె. ఉద్యోగం స్కాట్లండ్‌లో. ఇక్కడ మూడు వేల అడుగులు దాటిన కొండల్ని మన్రోలు అంటారు. ఇప్పటి లెక్క 282. వాటిని ఒక్కొక్కటే ఎక్కి పుస్తకంలో టిక్కు పెట్టుకోవడం ఇక్కడ చాలామందికి వ్రతం. ఆ పేరు సర్ హ్యూ మన్రోది. 1891లో మొదటిసారి ఈ కొండలన్నిటికీ జాబితా కట్టి అచ్చు వేయించింది ఆయనే. పాపం, అన్నీ ఎక్కకుండానే 1919లో పోయాడు.

మా కొండలెక్కే క్లబ్బులో ఒక పెద్దమనిషితో, "ఆ హ్యూ గారి తాత మా సీమకి కలెక్టరు" అన్నాను. ఆయన నవ్వి, "ఇండియావాళ్ళు అన్నీ మావే అంటారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. థామస్ మన్రో అంటే మా సీమకి, అప్పటి పేరుతో దత్తమండలాలకి, 1800 నుంచి 1807 దాకా కలెక్టరు, 1820 నుంచి మద్రాసు గవర్నరు, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయిన మనిషి. ముందు గుత్తిలో సమాధి చేసి, తర్వాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్ళారు. పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న సీమ మాది. తిరుమలలో మన్రో గంగాళం సంగతి ఎవరికి తెలియదు? ఇవన్నీ చెప్పాను. "వంశం కాగితాల మీద చూపించు, మన క్లబ్బు వార్తాపత్రికలో వేస్తాం" అన్నాడు పెద్దమనిషి. సరే చూపిస్తా అన్నాను.

ముందు తేలిక పనులు చెప్పేస్తా. థామస్ మన్రోకి 1825లో బారొనెట్ బిరుదు వచ్చింది, లిండర్టిస్ ఎస్టేటు పేరు మీద. బారొనెట్ అంటే పేరుకి ముందు ‘సర్’ ఉంటుంది, బిరుదు కొడుక్కి వస్తుంది, కానీ ప్రభువుల సభలో సీటు ఉండదు. ఇది 1611లో ఒకటో జేమ్స్ రాజు మొదలుపెట్టిన ఏర్పాటు. ఐర్లండ్‌లోని అల్స్టర్‌లో ముప్పై మంది సిపాయిలకి మూడేళ్ళ జీతం, అంటే 1,095 పౌండ్లు, ఖజానాకి కట్టినవాడికి బిరుదు. అమ్మకమే అది, ఇంకో మాట లేదు. మన్రోది మాత్రం బర్మా యుద్ధంలో చేసిన పనికి ఇచ్చింది. నాకు ఆ యుద్ధం మీదా పెద్ద గౌరవం లేదు, అది వేరే సంగతి.

బిరుదులున్న కుటుంబాల వంశాలు అచ్చు వేసే బర్క్స్ పీరేజ్ పాత సంపుటం తీస్తే వంశవృక్షం మొత్తం సన్న అక్షరాల్లో ఉంది. మొదటి బారొనెట్ థామస్. 1827లో బిరుదు ఎనిమిదేళ్ళ కొడుక్కి వచ్చింది, అతని పేరూ థామసే. అతను 1901లో పోతే తమ్ముడు క్యాంప్‌బెల్‌కి, 1913లో క్యాంప్‌బెల్ పోతే అతని కొడుకు హ్యూకి. అంటే హ్యూ నాలుగో బారొనెట్, మన మన్రోకి స్వయానా మనవడు. అరగంటలో తేలిపోయింది. కంప్లీట్ బారొనెటేజ్ అని ఇంకో పుస్తకం ఉంది, ఆ పేరు చూసి ఆశపడకండి. 1800 తర్వాత ఇచ్చిన బిరుదులు అందులో ఉండవు.

పుస్తకం చూపిస్తే మా పెద్దమనిషి ఒప్పుకోలేదు. ఇక్కడ మాత్రం ఆయనది న్యాయమే. ఈ పుస్తకాల్లో చాలా భాగం ఆయా కుటుంబాలు పంపినదే వేస్తారు. పాత సంపుటాల్లో కొడుకులు ముందు, కూతుళ్ళు తర్వాత; పుట్టిన వరస చూడరు. పెళ్ళి కాకుండా పుట్టినవాళ్ళ ఊసు సాధారణంగా ఎత్తరు. కాబట్టి జనన, వివాహ, మరణ నమోదులు విడివిడిగా తీయాలి.

హ్యూ పుట్టింది లండన్‌లో, 1856లో. ఇంగ్లండ్‌లో సర్కారీ జనన నమోదు 1837 జులైలో మొదలైంది కాబట్టి సర్టిఫికెట్ డబ్బు కట్టగానే పోస్టులో వచ్చేసింది. తండ్రి పేరు ఉంది, అయిపోయింది. స్కాట్లండ్ కాగితాలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో క్రెడిట్లు కొనుక్కుని చూడొచ్చు. 1855 తర్వాతివి శుభ్రంగా ఉంటాయి, అంతకుముందువి చర్చి రిజిస్టర్లు, చదవాలంటే కళ్ళు పోతాయి.

మిగిలింది ఒక్క లంకె: క్యాంప్‌బెల్ నిజంగా గవర్నరు మన్రో కొడుకేనా? అతను 1823లో ఇండియాలో పుట్టాడు. ఇంగ్లండ్ నమోదుల్లో ఉండడు, స్కాట్లండ్‌లోనూ ఉండడు. ఎవరో చెప్పగా, ఒక కుటుంబం దాచమని అప్పగించిన ఎస్టేటు కాగితాలు ఒక రికార్డుల ఆఫీసులో ఉన్నాయని తెలిసింది. ఊరు చెప్పను, ఆఫీసు పేరూ చెప్పను. అక్కడే నా పరువు పోయింది.

లోపలికి వెళ్ళాలంటే కార్డు కావాలి. కార్డుకి ఫోటో ఉన్న గుర్తింపు ఒకటి, ఇంటి అడ్రసుకి రుజువు ఒకటి. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మిగతా రెండు పేర్లు ఇంకో గడిలో. బ్యాంకు స్టేట్‌మెంటులో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగిలి, చివరి పేరే సర్‌నేమ్ అయిపోయింది. కౌన్సిల్ టాక్స్ బిల్లు మీద మూడూ తలకిందులు. బల్లవతల ఆవిడ మూడు కాగితాల్నీ పేకముక్కల్లా పరిచి, పెన్సిలు కొసతో ఒక్కో పేరూ తాకుతూ, "వీళ్ళు ముగ్గురు మనుషులు కదండీ" అంది. ఇంటిపేరు ముందొస్తుంది అమ్మా అన్నాను. "అయితే మీ నాన్నగారిదీ అదేనా?" అదే. "మీ భార్యది?" ఆమె పుట్టింటి పేరే పాస్‌పోర్టులో ఉంది. "అంటే మీరు ఒకే కుటుంబమని రుజువేమిటి?" నా భార్య కార్డు అడగలేదు మహాతల్లీ, నాకే అడుగుతున్నాను. వెనక వరసలో నిలబడ్డ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. చెవులు కాలిపోయాయి.

అసలు ఘనకార్యం ఆ తర్వాత. ఆ కాగితాలు సొంతదారులవి కాబట్టి చూడటానికి ఇంకో ఫారం ఉంది. అందులో ఒక గడి: ‘ఈ కుటుంబంతో మీ సంబంధం’. ఖాళీగా వదిలితే తీసుకోనంది. ఏం రాయమంటావు? వాళ్ళ తాత మా తాతల తాతలకి పట్టా రాసిన మనిషి, రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతిని దత్తమండలాల్లో నిలబెట్టిన మనిషి. ‘రైతు’ అని రాశాను. ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో. ఆవిడ దాన్ని చదివి, పైకి చూసి, మళ్ళీ చదివి, లోపలికెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, "మీరు బిరుదు మీద దావా ఏమైనా వేస్తున్నారా?" అన్నాడు. నేనా! లిండర్టిస్ బారొనెట్ బిరుదుకి గుత్తి నుంచి వారసుడు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాదన్నాను. "అయితే బిరుదు కొనాలనుకుంటున్నారా? అలాంటివాళ్ళు వస్తుంటారు" అన్నాడు, ఎంతో దయగా. ఆ దయ తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఆయన అనుమానానికి కారణం మనవాళ్ళలోనూ ఉంది, అదీ చెప్పాలి. స్కాట్లండ్‌లో ఒక చదరపు అడుగు నేల ‘అమ్మి’, మీరిక లార్డు, లెయిర్డు (అంటే భూస్వామి) అని రంగుల సర్టిఫికెట్ ఇచ్చే వ్యాపారం ఒకటుంది. మా స్నేహితుల్లోనే ఒకాయనకి పుట్టినరోజుకి అది బహుమానంగా వచ్చింది, హాల్లో ఫ్రేము కట్టించాడు. ఎడిన్‌బరాలో వంశచిహ్నాల వ్యవహారం చూసే లార్డ్ లయన్ కోర్టు ఈ ముక్కలతో ఏ బిరుదూ రాదని ఎప్పుడో తేల్చింది. నిజం బారొనెట్లకి అధికారిక జాబితా ఉంది, 1910లో రాజాజ్ఞతో పెట్టింది. తండ్రి పోయాక కొడుకు కాగితాలతో రుజువు చేసుకుని అందులో పేరు ఎక్కించుకోవాలి, అప్పటిదాకా అధికారికంగా బారొనెట్ కాడు. ఇంత తతంగం రాజుగారి మనుషులకే ఉంటే, అడుగు నేలకి లార్డు ఎలా అవుతాడు నాయనా!

రక్తం మాటా అంతే. స్టిచిల్ ప్రింగిల్ అనే మరో బారొనెట్ కుటుంబంలో వారసత్వం తగాదా వస్తే, 2016లో ప్రివీ కౌన్సిల్, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే న్యాయమండలి, డీఎన్ఏ చూసి బిరుదుని ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి మార్చింది. 1683 నాటి బిరుదు. తరాలుగా పీరేజ్ పుస్తకాల్లో అచ్చయిన వరస ఒక పరీక్షతో తప్పయిపోయింది. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు మూడు తరాలు గడగడా చదివితే ఎవరూ రుజువు అడగరు. అడిగితే ఎన్ని పందిళ్ళు నిలబడతాయో.

ఆ ఆఫీసులో నాకు చివరికి దొరికింది ఏమిటంటే, సొంతదారులకి ఉత్తరం రాసుకోమనే ఒక చీటీ. చింపేద్దామనుకుని, ఇల్లాలు చూడాలని దాచాను.

దారి దొరికింది లండన్‌లో. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు ఉన్నాయి. కంపెనీ కాలంలో మన దగ్గర ఇంగ్లీషువాళ్ళ బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు చర్చి పాదిరీలు నకలు రాసి ఓడలో లండన్ పంపేవాళ్ళు. ఆ నకళ్ళకి లైబ్రరీ సంఖ్యలు: బెంగాల్ ఎన్ 1, మద్రాసు ఎన్ 2, బొంబాయి ఎన్ 3. మనకి కావలసింది ఎన్ 2. చాలావరకు స్కాన్లు డబ్బు కట్టి ఇంట్లోనే చూడొచ్చు. మద్రాసు నకళ్ళలో క్యాంప్‌బెల్ పేరు, తల్లిదండ్రుల పేర్లు కనపడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దానికి తోడు, మన్రో సొంత ఉత్తరాలు కూడా అదే లైబ్రరీలో ఎఫ్ 151 సంఖ్య కింద ఉన్నాయి. 1826లో ఈ క్యాంప్‌బెల్‌కి జబ్బు చేస్తేనే తల్లి జేన్ వాణ్ణి తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. మన్రో ఒంటరిగా మిగిలి, పదవి దిగేముందు మరోసారి సీమ చూసొస్తానని బయల్దేరి, పత్తికొండలో ఆగిపోయాడు. ఆ పిల్లాడు మాత్రం బతికి, 77 ఏళ్ళు దాటాక బారొనెట్ అయ్యాడు. వాడి కొడుకే కొండల మన్రో. ఆ జబ్బులో పిల్లాడికి ఏమైనా అయ్యుంటే ఈ దేశంలో కొండల్ని ఏమని పిలిచేవాళ్ళో.

కాగితాలన్నీ కుట్టి క్లబ్బు పెద్దమనిషి ముందు పెట్టాను. చదివాడు. "బాగుంది" అన్నాడు. అంతే, క్షమాపణ లేదు. వార్తాపత్రికలో వేశాడు గానీ గుత్తి స్పెల్లింగు తప్పు, పత్తికొండ ఎగిరిపోయింది, నా పేరు మళ్ళీ తలకిందులు.

మీరెవరైనా ఈ పని మొదలుపెడితే, అన్ని కాగితాల్లోనూ మీ పేరు ఒకేలా ఉందో లేదో ముందు చూసుకోండి. ఏ మన్రో అన్నదీ చూసుకోండి, వీళ్ళు మందలు మందలుగా ఉన్నారు. బక్సర్‌లో యుద్ధం చేసిన హెక్టర్ మన్రో వేరు. ఫౌలిస్ మన్రోలది వేరే బారొనెట్ బిరుదు. మా ఆఫీసులో కొల్లం అబ్బాయి ఒకడు నా వ్యాసం చూసి, వాళ్ళ ఊరి మన్రో తురుత్తు దీవి కూడా మా గవర్నరుదే అని సంబరపడుతున్నాడు. అది తిరువాన్కూరు రెసిడెంటుగా చేసిన జాన్ మన్రో పేరు. ఆయనకి బారొనెట్ బిరుదు లేదు కాబట్టి పీరేజ్ పుస్తకాలతో కుస్తీ పట్టకుండా భూస్వామి కుటుంబాల వంశాలుండే ల్యాండెడ్ జెంట్రీ సంపుటాలు తిరగెయ్యమన్నాను.