పంప్ సక్షన్‌కి ఏ రెడ్యూసర్?

ప్లాంట్‌లో కొత్త పంప్ బిగిస్తున్నాం. సక్షన్ లైన్ (పంప్‌లోకి ద్రవం వచ్చే పైపు) 6 అంగుళాలు, పంప్ ఫ్లేంజ్ (పైపుని బోల్టులతో బిగించే అంచు) 4. ఈ రెండు సైజుల్నీ కలిపే ముక్కే రెడ్యూసర్. స్టోర్‌లో కాన్సెంట్రిక్ రెడ్యూసర్, అంటే చుట్టూ సమానంగా సన్నబడేది, రెడీగా ఉంది. "అదే వేసేద్దాం సార్, పనైపోద్ది" అన్నాడు ఫిట్టర్. నేను ఒప్పుకోలేదు. అడ్డంగా వచ్చే సక్షన్ లైన్‌లో అది పెడితే పైభాగంలో గాలి చేరి కూర్చుంటుంది. ఆ గాలి పంప్‌లోకి పోయిందంటే చప్పుడు, వైబ్రేషన్, ప్రెజర్ నిలవదు. అందుకే ఎక్సెంట్రిక్ (ఒక వైపు చదునుగా ఉండి, రెండో వైపు ఏటవాలుగా సన్నబడేది), చదును వైపు పైకి. నిలువు లైనైతే కాన్సెంట్రికే చాలు. పైప్ ర్యాక్ (పైపుల్ని మోసే స్టాండ్) మీదైతే చదును కిందికి పెడతారు, సపోర్టుల ఎత్తు మారదు, లైన్‌లో నీళ్లూ మిగలవు.

ఎక్సెంట్రిక్‌తో ఒక పేచీ ఉంది, సెంటర్ లైన్ జరుగుతుంది. 6 అంగుళాల పైపు బయటి వ్యాసం 168.3 మి.మీ., 4 అంగుళాలది 114.3. తేడాలో సగం, అంటే 27 మి.మీ. పెద్ద పైపును అంత కిందికి దించాలి. ఈ లెక్క ముందే వేయకపోతే చివర్లో ఫ్లేంజీలు కలవవు. అప్పుడు చెయిన్ బ్లాక్ పెట్టి లాగుతారు (మనవాళ్లకి అదో సరదా), ఆ ఒత్తిడంతా పంప్ మీద పడి మోటార్‌తో దాని అలైన్‌మెంట్ పోతుంది.

రెడ్యూసర్ షెడ్యూల్ (గోడ మందం చెప్పే నంబర్) కూడా పైపుదే అడిగాను, 40. సరుకు వచ్చేలోగా పంప్ బేస్ గ్రౌటింగ్ (బేస్ కింద ఖాళీలో గట్టిపడే మిశ్రమం నింపడం) కానిస్తున్నాం.